పేరు లేని వాయుగుండం దగ్గర మా వెదర్ డెస్క్ ఎలా బోల్తా పడింది: ఒక కేస్ స్టడీ

2024 ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం. మా డెస్క్‌లో ఉన్న మూడు స్క్రీన్ల మీదా గుజరాతే. వడోదరలో విశ్వామిత్రి నది అప్పటికే ఊళ్లోకి వచ్చేసింది, నేల మీదే కచ్ దాకా నడిచొచ్చిన తీవ్ర వాయుగుండం అరేబియా సముద్రంలోకి దిగి తుఫానుగా మారింది, దానికి అస్నా అని పేరు కూడా పెట్టేశారు. ఆగస్టులో అరేబియా సముద్రంలో తుఫాను అంటే మామూలు విషయం కాదు, 1891 నుంచి లెక్క తీస్తే అంతకు ముందు 1944, 1964, 1976, ఈ మూడు సార్లే. గుజరాత్‌లో మాకు ఐదు గోడౌన్లు ఉన్నాయి. ఇక చూడండి, ఫోన్లు, మెయిళ్లు, పైనుంచి గంటకోసారి "అప్‌డేట్ ఏంటి" అని అడగడం, వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏదో పాత వీడియో పెట్టడం, అది ఇప్పటిది కాదని చెప్పడానికి మాకు ఇంకో అరగంట పోవడం.

అదే టైంలో బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం ఉంది. మా షీట్‌లో దాని గురించి ఒక లైన్ రాశాం. ఒక్కటే లైన్. "పడమర వాయవ్య దిశగా కదులుతోంది, గమనిస్తున్నాం." ఆ అల్పపీడనమే వాయుగుండమై రెండు రోజుల్లో విజయవాడని, అక్కడి మా గోడౌన్‌ని ముంచింది. ఇప్పుడు నేను రాస్తున్నదంతా ఆ ఒక్క లైన్ గురించే.

ముందు మా పని ఏంటో చెప్పాలి. దేశమంతా గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు ఉన్న ఒక కంపెనీ మాది, పేరు అనవసరం. వాతావరణం, వరదలు, భూకంపాలు, కొండచరియలు, ఇలాంటివన్నీ 24 గంటలు చూస్తూ ఏ సైట్ వాళ్లు ఎప్పుడు సరుకు పైకెత్తాలి, ఎప్పుడు ట్రక్కులు ఆపాలి, ఎప్పుడు మనుషుల్ని ఇంటికి పంపేయాలి అని చెప్పడం మా పని. ముగ్గురం. నేను, ఒక సీనియర్ అనలిస్ట్, కొత్తగా చేరిన ఒక కుర్రాడు. రోజూ పొద్దున 7 గంటలకి ఒక షీట్ వెళ్తుంది, సైట్ పేరు, రంగు, చేయాల్సిన పని. అంతే.

చూసేవి చాలా ఉన్నాయి. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్లు, జిల్లాల వారీగా ఐదు రోజుల కలర్ మ్యాప్, రాబోయే మూడు గంటలకి చెప్పే నౌకాస్ట్, డాప్లర్ రాడార్లు, ఇన్సాట్ ఉపగ్రహం బొమ్మలు. నదులకి సెంట్రల్ వాటర్ కమిషన్ వాళ్ల ఫోర్‌కాస్ట్, దానికి ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ కూడా ఉంది. సముద్రం సంగతి హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ చూస్తుంది, సునామీ అయినా పెద్ద అలలైనా. భూకంపాలకి నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ, పిడుగులకి దామిని యాప్, ఇవన్నీ ఒక చోటికి తెచ్చి ఫోన్లకి పంపే సచేత్. కొండచరియలకి జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా), వాళ్లు కోల్‌కతాలో జాతీయ స్థాయి ఫోర్‌కాస్టింగ్ సెంటర్ మొదలుపెట్టింది 2024 జులైలో, అదే నెల 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొండచరియలు విరిగి కొట్టుకుపోయాయి. ఆ దెబ్బ నుంచి మేం ఇంకా తేరుకోలేదు, ఆగస్టంతా కేరళ కొండల మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ఇదీ ఒక కారణమే అని తర్వాత అనిపించింది, నిన్న జరిగిన ప్రమాదం వైపే ఇవాళ కూడా చూస్తూ ఉంటాం కదా.

చూస్తున్నారు కదా, సమాచారానికి కొరత లేదు. ముగ్గురు మనుషులకి ఆరు కళ్లు, అక్కడే కొరత.

శనివారం, ఆగస్టు 31

శనివారం మధ్యాహ్నం కుర్రాడు వచ్చి "అక్కా, బంగాళాఖాతంది వాయుగుండం అయిపోయింది, ఈ రాత్రికి కళింగపట్నం దగ్గర దాటుతుందంట" అన్నాడు. నేను అస్నా ట్రాక్ చూస్తూనే "మనకి అక్కడ ఏమున్నాయి" అని అడిగా. శ్రీకాకుళం వైపు చిన్న సైట్ ఒకటి, విశాఖలో రెండు. ఆ మూడింటినీ ఆరెంజ్‌లో పెట్టమన్నా. అప్పట్లో మా పద్ధతి ఏంటంటే, తీరం దాటే చోటు చుట్టూ 150 కిలోమీటర్ల వృత్తం గీసేవాళ్లం, అందులో పడ్డ సైట్లకి ఒక రంగు, బయట ఉన్నవాటికి ఒక రంగు. కళింగపట్నం నుంచి విజయవాడ దాదాపు 400 కిలోమీటర్లు. వృత్తంలో లేదు. అంతే, వదిలేశాం.

ఈ వృత్తం ఐడియా ఎక్కడిదంటే గాలి నుంచి వచ్చింది. తుఫాను అంటే గాలి, గాలి అంటే దాటే చోటు, దాటే చోటు అంటే వృత్తం, ఈ లెక్క గాలికి బాగానే పని చేస్తుంది. కానీ వాయుగుండంలో గాలి ఎంత, గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లు. తీవ్ర వాయుగుండమైతే 61 దాకా. 62 దాటితేనే తుఫాను, అప్పుడే పేరు. అంటే పేరు అనేది గాలి వేగానికి పెట్టేది, వానకి కాదు. వాన ఎంత కురుస్తుందో ఆ పేరుకి ఏం సంబంధం లేదు. ఇది వాతావరణం చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, నాకూ తెలుసు, నేను కొత్తవాళ్లకి ట్రైనింగ్‌లో చెప్పేదాన్ని కూడా. తెలిసి కూడా ఆ రోజు మా డెస్క్‌లో పేరున్నదాని ముందు ముగ్గురం, పేరు లేనిదాని ముందు ఎవరూ లేరు.

ఇంకోటి, రుతుపవనాల సీజన్‌లో పడమరకి కదిలే వాయుగుండానికి వాన ఎక్కువగా పడేది దాని నైరుతి వైపు. కళింగపట్నానికి నైరుతిలో ఏముంది? గోదావరి దాటితే కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలు, ఇంకొంచెం అవతల ఖమ్మం, మహబూబాబాద్. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసినా తెలిసిపోయేది.

హెచ్చరిక లేదా అంటే ఉంది, అది ముందే చెప్పేస్తా. కోస్తాంధ్రకి, తెలంగాణకి భారీ నుంచి అతి భారీ, ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ వర్షాలు అని బులెటిన్‌లో ఉంది. మేం దాన్ని చదివాం కూడా. ఈ "ఒకటి రెండు చోట్ల" అనే మాట దగ్గరే అందరూ జారిపడతారు. చదివేవాళ్లకి అది చిన్న విషయంలా వినిపిస్తుంది, ఎక్కడో ఏదో ఒక మండలంలో లే అన్నట్టు. కానీ ఐఎండీ లెక్కలో ఆ మాటకి అర్థం ఆ ప్రాంతంలో ఉన్న స్టేషన్లలో పాతిక శాతం దాకా అని. అత్యంత భారీ అంటే 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్ల పైన. తెలుగులో చెప్పుకుంటే ఓ మోస్తరు జిల్లాలో నాలుగో వంతు మీద 20 సెంటీమీటర్ల వాన పడినా బులెటిన్ భాషలో అది "ఒకటి రెండు చోట్లే".

20 సెంటీమీటర్లు ఎంత నీరో ఒకసారి లెక్కేద్దాం, ఇది నేను ఇప్పుడు ప్రతి కొత్త మనిషి చేతా కాగితం మీద వేయిస్తా. 100 చదరపు కిలోమీటర్ల మీద 20 సెంటీమీటర్లు కురిస్తే 2 కోట్ల ఘనపు మీటర్లు. అంటే దాదాపు 0.7 టీఎంసీ (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు). విజయవాడ ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచే నీరు మొత్తం 3 టీఎంసీలు. అంటే 400, 500 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతం మీద ఒక్క రోజు అలాంటి వాన పడితే బ్యారేజీ నిండేంత నీరు. అందులో కొంత ఇంకుతుంది అనుకున్నా, ఆగస్టు చివరికి నేల అప్పటికే నానిపోయి ఉంటుంది, ఇంకేది తక్కువే.

శనివారం ఇంకో సూచన కూడా వచ్చింది, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి, మనుషులు చనిపోయారు. వార్త మా స్క్రీన్ మీదకి వచ్చింది. మా సీనియర్ దాన్ని "లోకల్ ల్యాండ్‌స్లైడ్, మా సైట్‌కి సంబంధం లేదు" అని క్లోజ్ చేశాడు, నేనూ సరే అన్నా. కొండ మెత్తబడి జారేంత వాన ఊరి మధ్యలో పడిందంటే ఊరి పైన ఉన్న ఏరు సంగతేంటి అని ఒక్కరం కూడా అడగలేదు.

సాయంత్రం ఆరున్నరకి విజయవాడ సింగ్‌నగర్ పక్కన ఉన్న మా గోడౌన్ ఇన్‌చార్జి గారు ఫోన్ చేశారు. "మేడం, వాన ఆగట్లేదు, మా వాచ్‌మన్ బాబాయ్ ఏరు పొంగితే కష్టం అంటున్నాడు, 2005లో చూశాడంట." నేనేమన్నానో తెలుసా, "సార్, కృష్ణ ఇంకా ఆ స్థాయికి రాలేదు, మేం చూస్తున్నాం, మీరు కంగారు పడకండి" అన్నా. ఆయన ఏరు అంటే నేను కృష్ణ అనుకున్నా. ఆయన చెప్పింది బుడమేరు, ఊరి పక్క వాగు.

ఆదివారం

వాయుగుండం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర, రెండున్నర మధ్య కళింగపట్నం దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం సైట్ నుంచి "అంతా ఓకే" అని మెసేజ్. మా కుర్రాడు థంబ్స్ అప్ పెట్టాడు.

పొద్దున 6 గంటలకి ఇన్‌చార్జి గారి ఫోన్. "మేడం, వాన తగ్గింది. కానీ నీళ్లు పెరుగుతున్నాయి. ఎర్రగా వస్తున్నాయి, ఇవి వాన నీళ్లు కాదు." అప్పటికి మోకాలి లోతు. అరగంటకి నడుము. కింది వరస ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చిన పలకలు, పోయాయి, మిగతావి ఎత్తడానికి ఫోర్క్‌లిఫ్ట్ ఉంది గానీ కరెంటు లేదు, ఉన్నా నీళ్లలో ఎవరు నడుపుతారు. ఆయన, వాచ్‌మన్, ఇద్దరు లోడింగ్ కుర్రాళ్లు, నలుగురూ మెజనైన్ (గోడౌన్ లోపలి సగం అంతస్తు) మీదకి ఎక్కేశారు. తర్వాతి రోజు మధ్యాహ్నం పడవ దొరికింది. ఆ 30 గంటల్లో వాళ్ల దగ్గర ఉన్నది రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒక 20 లీటర్ల నీళ్ల క్యాన్, 11 శాతం ఛార్జ్ ఉన్న ఒక ఫోను. ఆ ఫోన్ ఆయన రెండు గంటలకోసారి ఆన్ చేసి "ఉన్నాం" అని ఒక్క మాట పంపి ఆఫ్ చేసేవారు. నాకు ఆ రోజు రాడార్ కంటే ఆ మెసేజ్ ముఖ్యం అయిపోయింది.

ఇక 7 గంటలకి మా షీట్ వెళ్లింది చూడండి, అందులో విజయవాడ సైట్ పసుపు రంగులో ఉంది. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండు అని. నడుము లోతు నీళ్లలో ఉన్న సైట్‌కి కనిపెట్టుకుని ఉండమని చెప్పాం. ఎందుకంటే షీట్ ఆటోమేటిక్‌గా వెళ్తుంది, అందులోకి వాన లెక్క వచ్చేది ఐఎండీ రోజువారీ ఫిగర్ నుంచి, ఆ ఫిగర్ ఎప్పుడు తీస్తారంటే పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. మా షీట్ 7కి వెళ్తుంది కాబట్టి అందులో ఉన్నది శనివారం 8:30కి ముగిసిన లెక్క. శనివారం పగలు, రాత్రి కురిసిందంతా ఆ షీట్‌లో లేనే లేదు. ఇంత తెలివిగా కట్టిన సిస్టమ్ రోజూ ఇరవై రెండున్నర గంటల పాత వాన చూసి రంగు వేస్తోందని మాకు రెండేళ్లు తెలియలేదు, ఎవరూ అడగలేదు, ఎందుకంటే మామూలు రోజుల్లో తేడా కనపడదు.

అదే పొద్దున మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. తెలంగాణ వైపు కొన్ని స్టేషన్లలో 24 గంటల్లో 40 సెంటీమీటర్ల పైనే కురిసింది. ఖమ్మంలో మున్నేరు ఊరి మీద పడింది. మా రెండు ట్రక్కులు హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ 65వ నంబర్ హైవే మీద నందిగామ దగ్గర ఇరుక్కున్నాయి, ఐతవరం దగ్గర మున్నేరు రోడ్డెక్కేసింది. డ్రైవర్లకి ఆ రాత్రి బయలుదేరొద్దని మేం చెప్పాలి. చెప్పలేదు.

నీళ్లు ఎటు నుంచి వచ్చాయి

బుడమేరు అనేది మైలవరం వైపు కొండల నుంచి దిగి విజయవాడ ఉత్తర అంచున పోయి కొల్లేరులో కలిసే వాగు. ఎండాకాలంలో చూస్తే డ్రైనేజీ కాలువ అనుకుంటారు. బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు దాన్ని. ఆ నీరు ఊళ్లోకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి ఒక డైవర్షన్ కాలువ తీసి, నీటిని ఇబ్రహీంపట్నం వైపు మళ్లించి కృష్ణలో కలిపేలా ఏర్పాటు చేశారు. కలిసేది బ్యారేజీకి ఎగువన.

ఇందులో ఉన్న మెలిక ఏంటంటే కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీరు కృష్ణలోకి దిగదు, వెనక్కి తన్నుతుంది. కృష్ణ ఎందుకు నిండింది? శ్రీశైలం, సాగర్ అప్పటికే నిండి కిందకి వదులుతున్నారు. దానికి తోడు మున్నేరు, అది కృష్ణలో కలిసేది పులిచింతలకి దిగువన, అంటే ఆ నీటిని ఆపడానికి మధ్యలో ఇంకో డ్యామ్ లేదు, నేరుగా బ్యారేజీకే. సోమవారం, సెప్టెంబర్ 2న, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు) దాటింది, 2009 అక్టోబర్ వరదలో వచ్చిన 11.10 లక్షల రికార్డు పోయింది. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 5.69 లక్షల దగ్గర, దానికి ఇది రెట్టింపు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు, మిగతా గుణకారం మీరే చేసుకోండి, 3 టీఎంసీల బ్యారేజీ దాన్ని ఆపడం కాదు కదా, దారి ఇవ్వడమే దాని పని.

ఒకే వాన మూడు రకాలుగా పని చేసింది అన్నమాట. బుడమేరు కొండల మీద పడి బుడమేరుని పొంగించింది, ఖమ్మం మీద పడి మున్నేరుని పొంగించింది, మున్నేరు వెళ్లి కృష్ణని లేపింది, లేచిన కృష్ణ బుడమేరుకి తలుపు మూసేసింది. డైవర్షన్ కాలువ కట్టలకి గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, జక్కంపూడి, అటంతా మునిగింది. గండ్లు పూడ్చడానికి ఆర్మీ కూడా రావాల్సి వచ్చింది. ఎవరి తప్పు, ఎవరు ఎప్పుడు ఏ గేటు ఎత్తారు అనేది వేరే పంచాయితీ, నాకు దాంట్లోకి వెళ్లాలని లేదు.

నా బాధ వేరే. ఈ మూడు ముక్కలూ మా దగ్గర శనివారం సాయంత్రానికే విడివిడిగా ఉన్నాయి. బులెటిన్‌లో వాన ఉంది. సెంట్రల్ వాటర్ కమిషన్ పేజీలో కృష్ణ, మున్నేరు ఉన్నాయి. బుడమేరు మాత్రం మేం చూసే ఏ పేజీలోనూ లేదు, చిన్న వాగు కాబట్టి, కానీ అది వాచ్‌మన్ బాబాయ్ నోట్లో ఉంది, అది ఫోన్ ద్వారా నా చెవిలో పడింది కూడా.

తర్వాత ఏం మార్చాం

గోడౌన్‌లో మళ్లీ అడుగు పెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. బురద కడిగే పనిలో ఉండగానే నేను, సీనియర్ కూర్చుని అంతా తిరగరాశాం. పైవాళ్లు "కొత్త సాఫ్ట్‌వేర్ కొందామా" అన్నారు, అక్కర్లేదు అని చెప్పడానికే రెండు మీటింగులు పట్టాయి. ఉన్న సమాచారాన్నే చూడలేనివాళ్లం, ఇంకో డాష్‌బోర్డ్ కొని ఏం చేస్తాం.

మొదట వృత్తం తీసేశాం. దాని బదులు ప్రతి సైట్‌కి ఒక కార్డు. అందులో "ఈ సైట్‌కి నీళ్లు ఎటు నుంచి వస్తాయి" అన్నదే మొదటి ప్రశ్న. పెద్ద నది పేరు, చిన్న వాగు పేరు, అది ఏ కొండల్లో పుడుతుంది, ఎక్కడ కలుస్తుంది, కలిసే చోట పెద్ద నది నిండితే ఏమవుతుంది, దారిలో గేట్లు ఉన్నాయా. ఇంకా చివరగా, ఆఖరిసారి ఎప్పుడు మునిగింది, ఎవరు చూశారు, వాళ్ల ఫోన్ నంబర్. ఈ కార్డులు నింపడానికి నాలుగు నెలలు పట్టింది, ఎందుకంటే వాగుల పేర్లు మ్యాపుల్లో ఒకటి, జనం పిలిచేది ఒకటి. కొన్ని సైట్ల మేనేజర్లకి వాళ్ల ప్రహరీ వెనక పారే కాలువ పేరే తెలియదు. టీ కొట్టు ఆయన్ని అడిగి చెప్పారు.

రెండోది షీట్ టైం. 7 గంటల షీట్ తీసేసి పొద్దున 9:15కి ఒకటి, సాయంత్రం 7కి ఒకటి పెట్టాం. సాయంత్రం షీట్‌లో ఆటోమేటిక్ స్టేషన్ల లెక్క, ఆ రోజు 8:30 నుంచి అప్పటి దాకా పడింది వేస్తాం. చిన్న మార్పే, కానీ నన్నడిగితే మొత్తం మీద ఇదే ఎక్కువ పని చేసింది. ఉపగ్రహం బొమ్మల మీద టైం కూడా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, మన టైం రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి, ఇది తెలిసిన విషయమే అయినా నిద్ర లేని రాత్రి మూడింటికి మనిషి మర్చిపోతాడు, అందుకే పెద్ద గడియారం ఒకటి యూటీసీ టైంతో గోడకి తగిలించాం.

మూడోది నాకు బాగా నచ్చినది, మా కుర్రాడు పెట్టిన ఐడియా. ఎప్పుడైనా ఒక పెద్ద ఈవెంట్ నడుస్తుంటే ముగ్గురిలో ఒకళ్లు ఆ ఈవెంట్ వైపు చూడకూడదు. అస్సలు. టీవీలో అదే వస్తున్నా, పైవాళ్లు అదే అడుగుతున్నా, ఆ ఒక్క మనిషి మిగతా దేశం మాత్రమే చూడాలి. మేం దీన్ని "పెళ్లిలో ఇంటి కాపలా" అంటాం. అందరూ పెళ్లికి పోతే ఇల్లు చూసుకోవడానికి ఒకళ్లు ఉండాలి కదా. ఆ డ్యూటీ పడ్డవాళ్లు గొణుగుతారు, అది వేరే విషయం.

సైట్ల వాళ్లకి రంగుల అర్థం కూడా మళ్లీ చెప్పాం. చాలామంది ఎరుపు అంటే చాలా వాన, పసుపు అంటే కొంచెం వాన అనుకుంటారు. ఆ రంగులు వాన కొలత కాదు, మనం చేయాల్సిన పని. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండు, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు, ఎరుపు అంటే ఇక కదులు. మాకు అయితే ఆరెంజ్ రాగానే కింది వరస ఖాళీ చేయాలి, ఎవర్నీ అడగక్కర్లేదు, తర్వాత వాన పడకపోతే ఎందుకు ఎత్తావ్ అని ఎవరూ అడగరు. ఈ చివరి మాట కాగితం మీద రాయించుకోవడమే కష్టం అయింది, లోడింగ్ ఖర్చు ఎవరిది అని అకౌంట్స్ వాళ్లు నెల రోజులు తిప్పారు.

భూకంపాలకి ఈ గోలంతా లేదు. అవి ముందు తెలియవు, వచ్చాకే మెసేజ్ వస్తుంది, కాబట్టి అక్కడ మా పని ర్యాకులు గోడకి బిగించారా లేదా అని చూడటం, కంపించిన పావుగంటలో సైట్ వాళ్లకి ఫోన్ చేయడం, అంతే. సునామీకి ఇన్‌కాయిస్ మాట వింటాం, సొంత తెలివి వాడం.

ఫెంగల్ పరీక్ష

అదే ఏడాది నవంబర్ చివర్లో ఫెంగల్ వచ్చింది. ఈసారి పేరున్న తుఫానే, నవంబర్ 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. చెన్నై ఊపిరి పీల్చుకుంది, టీవీలు కూడా నెమ్మదించాయి. పాత మేమైతే షీట్‌లో ఆకుపచ్చ రంగు వేసేసేవాళ్లం.

ఆ రోజు ఇంటి కాపలా డ్యూటీ కుర్రాడిది. తుఫాను తీరం వైపు కాకుండా లోపలి జిల్లాలు చూస్తూ కూర్చున్నాడు. డిసెంబర్ 1 సాయంత్రం "అక్కా, ఇది కదలట్లేదు, కృష్ణగిరి వైపు రాడార్ ఎర్రగానే ఉంది, ఆ నీళ్లు ఎటు పోతాయి" అన్నాడు. కార్డులు తీశాం. ఊత్తంగరై వైపు పడ్డ నీరు తెన్‌పెన్నై నదిలోకి, అక్కడి నుంచి సాత్తనూర్ డ్యామ్, ఆ కింద విల్లుపురం, కడలూరు. కడలూరులో మా సైట్ ఉంది, ఆ టైంలో అక్కడ వాన పెద్దగా లేదు. సైట్ మేనేజర్‌కి రాత్రి 8 గంటలకి ఫోన్ చేసి కింది వరస ఎత్తమంటే ఆయన "ఇక్కడ చినుకే పడట్లేదు మేడం" అన్నారు. నేను "సార్, మీకు పడక్కర్లేదు, పైన పడింది చాలు" అన్నా.

మర్నాటి పొద్దున లెక్కలో ఊత్తంగరైలో 24 గంటలకి 50 సెంటీమీటర్లు. సాత్తనూర్ నుంచి లక్షన్నర క్యూసెక్కుల పైన వదిలారు. నీళ్లు కడలూరుకి వచ్చేటప్పటికి మా సరుకు నాలుగడుగుల పైన ఉంది.

గెలిచాం అని అనను, ఎందుకంటే అదే తుఫానులో పుదుచ్చేరి సైట్ దగ్గర మా అంచనా తప్పింది, కార్డులో వాగు రాశాం గానీ రోడ్డు కల్వర్టు పూడిపోయిన సంగతి రాయలేదు, నీళ్లు అటు నుంచి వచ్చాయి. తిరువణ్ణామలైలో ఆ ఆదివారమే కొండ జారి ఇళ్లు కప్పేసింది, మాకు అక్కడ సైట్ లేదు కాబట్టి మా షీట్‌లో ఆ పేరే లేదు, అయినా ఆ కుర్రాడు రెండు రోజులు మాట్లాడలేదు.

మిచౌంగ్ తుఫాను అప్పుడే ఇవన్నీ తెలిసి ఉండాల్సింది నిజానికి. 2023 డిసెంబర్ 5న అది దాటింది బాపట్ల దగ్గర, అంతకు ముందు రెండు రోజులు ముంచింది చెన్నైని. అప్పుడు మేం "ట్రాక్ తీరం వెంబడి ఉంది కాబట్టి అలా అయింది" అని ఒక ప్రత్యేక కేసుగా రాసి ఫైల్‌లో పెట్టేశాం.

ఇక చిన్న వాగుల సమస్య అలాగే ఉంది. ఎక్కడా నీటి మట్టం కొలిచే గేజ్ ఉండదు, ఏ పేజీలోనూ నంబర్ రాదు. దానికి విజయవాడ ఇన్‌చార్జి గారు సొంతంగా ఒక పద్ధతి పెట్టారు. గోడౌన్‌కి కొంచెం ఎగువన ఉన్న ఒక కల్వర్టు స్తంభం మీద ఎర్ర పెయింట్‌తో మూడు గీతలు గీయించారు, వాచ్‌మన్ బాబాయ్ జూన్ నుంచి నవంబర్ దాకా పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. ఇన్సాట్ బొమ్మ పక్కనే మా స్క్రీన్ మీద ఆ ఫోటో కూడా ఉంటుంది. మొన్న జులైలో ఒక రోజు ఫోటోలో గీతల ముందు గేదె అడ్డంగా నిలబడి ఉంది, ఒక్క గీత కూడా కనపడట్లేదు. మా కుర్రాడు "బాబాయ్, గీతలు కనపడట్లేదు, ఇంకోటి తీయి" అని మెసేజ్ పెట్టాడు. బాబాయ్ వాయిస్ మెసేజ్ పంపాడు, "గేదె కాళ్లు కనపడతన్నాయా లేదా, కనపడితే రాసుకో, నీళ్లు లేవు."